బోర్డు మీద పేరు జోగమ్మదే

బిష్టుపూర్, జంషెడ్‌పూర్
ఆగస్టు 20

కినోరా మొబైల్స్ రాంచీ ఆఫీసు మేనేజరు గౌరీశంకర్ గారికి, బిష్టుపూర్ సందులో ఫోన్ల కొట్టు నడుపుతున్న జోగమ్మ నమస్కరించి రాయునది.

ఇక్కడ మేం క్షేమం. మీరు క్షేమమో కాదో ఈ ఉత్తరం చదివాక మీకే తెలుస్తుంది.

నిన్న మధ్యాహ్నం నేను రెండు ముద్దలు తిని వచ్చేసరికి మీ మనుషులిద్దరు నిచ్చెన వేసుకుని నా కొట్టు బోర్డుకి టేపు పెట్టి కొలుస్తున్నారు. "ఏటి బాబూ, ఎవుల్నడిగి ఎక్కేరు?" అన్నాను. కంపెనీ కొత్త బోర్డు ఇస్తోంది ఆంటీ, లైట్లతో సహా ఉచితం అని హిందీలో చెప్పారు. మరి నా పేరెక్కడ ఉంటుందని అడిగితే కింద మూలన చోటు చూపించారు. అక్కడ బల్లి కూడా పట్టదు.

బాబూ, ఒక సంగతి చెప్తాను. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. చిన్నప్పుడు రైల్వే ఫిట్టరు గారి రెండో అమ్మాయిని. పెళ్ళయ్యాక అప్పన్న పెళ్ళాన్ని. ఆ తర్వాత చందు వాళ్ళమ్మని. ఫుట్‌పాత్ మీద స్టూలు వేసుకుని ఫోన్లకి అద్దాలు అతికించినన్నాళ్ళూ ఒట్టి ఆంటీని. కొట్టు పెట్టాకనే రేకు మీద మూడు భాషల్లో 'జోగమ్మ మొబైల్స్' అని రాయించుకున్నాను. నాకూ ఒక పేరుందని ఈ ఊరికి అప్పుడే తెలిసింది. అది దింపేది లేదు.

మా సందులో ఇప్పటికే సగం కొట్లు మీ పచ్చ బోర్డుల కిందికి, మిగతా సగం ఆ వెల్టన్ వాళ్ళ నీలం బోర్డుల కిందికి వెళ్ళిపోయాయి. ఏ కొట్టు ఎవరిదో అందులో కూర్చున్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియడం లేదు. పక్క కొట్టు సునీల్ దగ్గరికి రావలసినవాళ్ళు వేరే కొట్లో దూరుతుంటే అతను గుమ్మంలో నిలబడి చేతులూపుతున్నాడు.

మీరు తెలుగువారని మీ మనుషులు చెప్పారు కాబట్టి తెలుగులోనే రాశాను.

ఇట్లు,
పేరు మార్చుకోవడం ఇష్టం లేని
జోగమ్మ

తా.క. ఫోన్లమ్మే మనిషి ఉత్తరం రాయడమేమిటని నవ్వకండి. ముందు మీ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టాను. అందులో జవాబులిచ్చే మర ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమంది. బోర్డును ఎలా ఆపాలో అది చెప్పలేదు.

*

రాంచీ
ఆగస్టు 27

పరమ గౌరవనీయ భాగస్వామి శ్రీమతి జోగమ్మ గారికి, కినోరా కుటుంబం తరఫున హార్దిక శుభాభినందనలు.

ఉత్సాహభరితమైన మీ ఉత్తరం చేరింది. కొత్త బోర్డు కొలతల పట్ల మీరు చూపిన శ్రద్ధ మమ్మల్ని కదిలించింది.

దీపావళి ముందు వచ్చే ధన్‌తేరస్ పండగకి మా 'నోవా' ఫోను విడుదలవుతున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. మడిస్తే తమలపాకు, విప్పితే విస్తరాకు. చంద్రుడి మీది గుంటలను కూడా ఫొటో తీస్తుంది. ఉత్తరాలు చదివి సారాంశం చెబుతుంది, జవాబు కూడా తానే రాస్తుంది. వెల్టన్ వారి ఫోను ఇంకా ఈమెయిళ్ళు చదవడం దగ్గరే ఆగిపోయింది. బోర్డు ఉన్న దుకాణాలకే నోవా ముందుగా అందుతుంది. మీ సందులో నీలం పెరగకుండా చూడడం మనందరి కర్తవ్యం.

మీ అభ్యున్నతిని సదా కాంక్షించే,
గౌరీశంకర్

తా.క. ఈ ముక్క మాత్రం నాది. నేను పుట్టి పెరిగింది రాంచీలో. తెలుగు మాట్లాడతాను గాని చేతిరాత చదవలేను. మీ ఉత్తరాన్ని, కంపెనీ నాకు ముందే ఇచ్చిన నోవాతో ఫొటో తీస్తే 'కస్టమరు సంతోషంగా ఉన్నారు, బోర్డు కోసం ఎదురుచూస్తున్నారు' అని చెప్పింది. చాలా సంతోషం.

*

బిష్టుపూర్
సెప్టెంబరు 2

గౌరీశంకర్ గారికీ, ఆయన బదులు చదువుతున్న ఫోను గారికీ జోగమ్మ నమస్కారాలు.

ఫోనుకి చదువు వంటబట్టలేదు, ఇంకో ఏడాది బడికి పంపండి.

చంద్రుడి మీద గుంటలు ఎవరిక్కావాలి? మా భుయ్యాడీహ్ రోడ్డు మీద కావలసినన్ని ఉన్నాయి. నా కొట్టుకొచ్చే రిటైర్డు గార్డులూ కాంట్రాక్టు కూలీలూ అడిగేది వేరు. గట్టిగా మోగాలి, చేయి జారితే పగలకూడదు, చార్జింగు రెండు షిఫ్టులు నిలవాలి. మీరు మూడు నెలలకో కొత్త ఫోను తెచ్చి పాతదాన్ని ముసలిదంటారు. పెట్టెలోంచి చార్జరు తీసేసి, గాలి పెట్టి, పైన బంగారు రంగు వేస్తారు. వెల్టన్ వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, ఆ గాలికి రిబ్బను కూడా కట్టారు.

బోర్డు మీద మీకంత ముచ్చటగా ఉంటే నా కొట్టు ఒక్కటే ఎందుకు? మా ఇంటి గుమ్మానికీ ఒకటి పెట్టండి. వంటింట్లో పొయ్యి మీద ఇంకోటి పెట్టండి. మా ఆయన గమ్హరియా ఫ్యాక్టరీకి పెట్టుకెళ్ళే హెల్మెట్ మీద కూడా మీ పేరే అతికించండి. పక్కింటి నూకమ్మ ఏం పాపం చేసింది, దాని గోడకీ ఒకటి కొట్టండి.

ఇట్లు,
వద్దంటే వద్దంటున్న
జోగమ్మ

తా.క. ఇది చూసి మా చందు "మమ్మీ, ఏఐ మజాక్ నహీఁ సమఝ్‌తా" అన్నాడు. ఎగతాళి తెలియనివాళ్ళు వ్యాపారం ఎలా చేస్తార్రా అన్నాను.

*

రాంచీ
సెప్టెంబరు 9

కినోరా కుటుంబానికే తలమానికమైన జోగమ్మ గారికి ప్రణామాలు.

మీ కోరిక ప్రకారం దుకాణానికి, ఇంటికి, వంటింటికి, నూకమ్మ గారి గోడకి బోర్డులు మంజూరయ్యాయి. అప్పన్న గారి హెల్మెట్‌కి స్టిక్కర్ల పెట్టె వేరుగా పంపుతున్నాము. పదహారో తారీకున మా వాళ్ళు వచ్చి బిగిస్తారు.

ఆనందబాష్పాలతో,
గౌరీశంకర్

తా.క. ఇది నా ముక్క. వంటింటికి బోర్డు అడిగిన మొదటి దుకాణదారు మీరేనని హెడ్డాఫీసులో చప్పట్లు కొట్టారు.

*

బిష్టుపూర్
సెప్టెంబరు 19

గౌరీశంకర్ బాబుకి, చదివి తల పట్టుకుంటారనే ఆశతో జోగమ్మ రాయునది.

పదహారున నేను విశ్వకర్మ పూజకి పూలు కొనడానికి వెళ్ళి వచ్చేసరికి మీవాళ్ళు నా పేరు మీద పచ్చ బోర్డు బోల్టులు వేసి బిగించి వెళ్ళిపోయారు. మరునాడు పూజ. మీరూ జార్ఖండ్‌లోనే పుట్టారు కదా, ఆ రోజు ఈ ఊళ్ళో ఎవడూ పనిముట్టు ముట్టుకోడని మీకు నేను చెప్పాలా? పానాలూ సుత్తులూ అన్నీ స్నానం చేసి బొట్లు పెట్టుకుని దేవుడి ముందు కూర్చున్నాయి. బోర్డు విప్పమని అడిగితే అందరూ ప్రసాదం పెట్టి పంపారు. రోజంతా మీ పేరు కింద కూర్చోవడం నావల్ల కాలేదు. నా పాత నేతచీర తెచ్చి మీ బోర్డుకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా కప్పేశాను. కొత్త సామానేదో వచ్చిందనుకుని సునీల్ దాని మీద కుంకుమ బొట్లు పెట్టి బంతిపూల దండ వేశాడు.

ఇంటి దగ్గర ఇంకా అన్యాయం. గుమ్మం మీద లైట్లు చూసి జనం పగిలిన ఫోన్లు పట్టుకుని తలుపు కొడుతున్నారు. హెల్మెట్ మీద స్టిక్కరు చూసి గమ్హరియాలో సూపర్‌వైజరు మా ఆయన్ని స్క్రీను గార్డు వెయ్యమన్నాడట. నూకమ్మ గోడ మీది బోర్డు సరిగ్గా కోళ్ళ గూటి పైన ఉంది. అది వెలిగినప్పుడల్లా తెల్లారిందనుకుని పుంజు కూస్తోంది. వీధి వీధంతా నన్నే తిడుతోంది.

పద్దెనిమిదిన నేనే పానా పట్టుకుని నిచ్చెనెక్కి మీ బోర్డు విప్పేశాను. నా బోర్డు తుడుచుకున్నాను. మీది వెనక గోడకి ఆనించి ఉంది, వచ్చి పట్టుకెళ్ళండి.

ఇట్లు,
కోపంగా ఉన్న
జోగమ్మ

తా.క. చీర ఉతికించి పంపక్కర్లేదు, నేనే ఉతుక్కున్నాను.

*

రాంచీ
సెప్టెంబరు 25

భక్తశిరోమణి జోగమ్మ గారికి సాష్టాంగ నమస్కారాలు.

మీ దుకాణం ఫొటో మా సేల్స్ మనిషి పంపాడు. మా బోర్డుకి చీర కట్టి, కుంకుమ పెట్టి, పూలదండ వేసి పూజించిన భాగస్వామి దేశంలో మరొకరు లేరు. మీకు 'తూర్పు భారత ఉత్తమ భక్త భాగస్వామి' బిరుదు ప్రకటించాము. వెల్టన్ వారు ఈర్ష్యతో కుమిలిపోతున్నారని వినికిడి.

మీ సేవలో,
గౌరీశంకర్

తా.క. నాది. మీ ఉత్తరంలో 'పుంజు' అన్న మాట ఒక్కటి కూడబలుక్కున్నాను, అదేమిటని అడిగాను. 'తెల్లవారుజామున వచ్చే కస్టమర్లు పెరిగారు' అని నోవా చెప్పింది. అభినందనలు.

*

బిష్టుపూర్
సెప్టెంబరు 29

గౌరీశంకర్ బాబూ,

ఈ కాగితాన్ని ఫొటో తీయకండి. మీ ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషంటూ ఉంటే, వెనకటి నా ఉత్తరాలన్నిటితో కలిపి వాళ్ళ చేతిలో పెట్టండి. ఆ పైన మాట్లాడుకుందాం.

జోగమ్మ

తా.క. బిరుదు మా వీధి పుంజుకిచ్చేశాను.

*

రాంచీ
అక్టోబరు 4

జోగమ్మ పిన్నిగారికి నమస్కారం.

ఇది నా చేత్తో రాస్తున్నాను, తప్పులు మన్నించండి. పక్కన మా అమ్మ పద్మశ్రీ కూర్చుని గుణింతాలు చెబుతోంది. అమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లె. మీ ఉత్తరాలన్నీ పైకి చదివింది. పుంజు దగ్గరికొచ్చేసరికి నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసేసింది. మొదటి ఉత్తరం మళ్ళీ చదివి మాత్రం నవ్వలేదు. "పేరు కోసరం ఒక ఆడమనిసి ఇన్నేసి ఉత్తరాలు రాత్తే, నువ్వు ఫోనుకిచ్చి సదివింతావా? నానెవులో ఆ ఫోన్నే అడుగు, సెప్తాది" అంది. ఆ పూట నాకు అన్నం కూడా ఆ ఫోనునే పెట్టమంది.

చాలా సిగ్గుపడ్డాను పిన్నిగారూ. హెడ్డాఫీసుకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాళ్ళకి కోపం వచ్చింది. ధన్‌తేరస్ లోపల బోర్డు మళ్ళీ ఎక్కకపోతే మీకు నోవా కాదు, అసలు కినోరా ఫోనే ఒక్కటీ ఇవ్వరట. వెల్టన్ వాళ్ళూ ఇదే షరతు పెడుతున్నారు కాబట్టి మీకు ఎటూ దారి ఉండదని వాళ్ళ ధీమా. సగం మా పేరు, సగం మీ పేరు పెట్టుకుంటే నేను ఎలాగో ఒప్పిస్తాను. ఆలోచించండి.

మీ మంచి కోరే,
గౌరీశంకర్

తా.క. 'ఒప్పుకోవద్దని రాయి' అని అమ్మ పక్కనుంచి పొడుస్తోంది. నేను రాయలేదనే అనుకోండి.

*

బిష్టుపూర్
అక్టోబరు 9

గౌరీశంకర్ బాబుకి ఆశీస్సులు. మీ అమ్మగారికి నమస్కారాలు.

మీ అక్షరాలు కాకి గూడులా ఉన్నాయి గాని, చదివితే మనిషి రాసినట్టుంది. సంతోషం.

భయం లేదని చెప్పను. ధన్‌తేరస్ అమ్మకాలే నాకు ఏడాదంతా దన్ను. పండగ పూట కొత్త ఫోను లేకపోతే జనం నా గుమ్మం దాటి పోతారు. మా ఆయన కూడా సగం సగం ఒప్పేసుకో అన్నాడు. పెళ్ళిపత్రికలో ఆయన పేరు సగమే వేయించి ఉంటే తెలిసేది.

సగం పేరు నాకొద్దు బాబూ. ఈ రోజు సగం అంటారు, దీపావళికి మూల అంటారు, హోలీకి అదీ ఉండదు. మీ ఫోన్లు ఇవ్వకపోతే మానండి. వెల్టన్ వాళ్ళనీ మానమనండి. పాత ఫోన్లు బాగుచేసుకుంటాను, అద్దాలు అతికించుకుంటాను. అదీ సాగకపోతే మళ్ళీ ఫుట్‌పాత్ మీద స్టూలేసుకుంటాను. ఆ స్టూలు మీద కూడా నా పేరే రాయిస్తాను.

ఇట్లు,
జోగమ్మ, మొత్తం పేరు

తా.క. అమ్మగారు పొడిచిన చోట కొబ్బరినూనె రాసుకోండి.

*

రాంచీ
నవంబరు 12

పిన్నిగారికి నమస్కారం.

హెడ్డాఫీసు వాళ్ళు అన్నంత పనీ చేశారు, మీకు సరుకు ఆపేశారు. పండగ మీకెలా గడిచిందో అడగడానికి కూడా మొహం చెల్లలేదు. మీ తరఫున మాట్లాడినందుకు నన్ను అమ్మకాల నుంచి తీసేసి, జంషెడ్‌పూర్‌లో రిపేర్ల సర్వీసు సెంటర్ తెరవమని పంపుతున్నారు. గది మీ సందులోనే, మీ ఎదురు మేడ మీద దొరికింది. మీరు పలకరిస్తారో పానా పట్టుకొస్తారో తెలియకుండానే ఒప్పుకున్నాను.

ఇట్లు,
గౌరీశంకర్

తా.క. ఇకపై నా కంపెనీ ఫోనులో ఉత్తరాలు చదవడం బంద్. చంద్రుణ్ణి ఒకసారి తీశాను. వీధి దీపం వచ్చింది.

*

బిష్టుపూర్
డిసెంబరు 18

గౌరీశంకర్ బాబుకి ఎదురు కొట్టు జోగమ్మ రాయునది.

మీరు సెలవు మీద రాంచీ వెళ్ళారని మేడ మీద మీ పనివాళ్ళు చెప్పారు. మీరు వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

ఈ పొద్దున తనుశ్రీ అని ఒకమ్మాయి గమ్హరియా నుంచి వచ్చింది. కొన్న వారానికే ఆగిపోయిన నోవా పెట్టె చేత్తో పట్టుకుని నా బోర్డు కింద నిలబడి, "జోగమ్మ ఆప్ హీ హైఁ?" అని అడిగింది. అవునన్నాను. హమ్మయ్య అనుకుని పెట్టెలోంచి వారంటీ కార్డు తీసి చూపించింది. 'కినోరా సర్వీసు సెంటర్, జోగమ్మ మొబైల్స్ ఎదురుగా, బిష్టుపూర్, జంషెడ్‌పూర్' అని అచ్చు వేసి ఉంది.

మీ పనివాళ్ళని పిలిచి అడిగాను. ముందు 'కినోరా దుకాణం ఎదురుగా' అనే వేయించారట. వచ్చినవాళ్ళు పచ్చ బోర్డు కనిపించిన ప్రతి కొట్టు ఎదుటా మెట్లెక్కి దిగి, తిట్టుకుంటూ ఇళ్ళకి పోయారట. సందు మొత్తంలో మనిషి పేరున్న బోర్డు నాదొక్కటే కాబట్టి, అదే వెయ్యాలని మీరు హెడ్డాఫీసుతో పోట్లాడి వేయించారట. ఇప్పుడు జార్ఖండ్‌లో అమ్మే ప్రతి కినోరా పెట్టెలోనూ నా పేరు వెళ్తోందట. నాతో ఒక్క ముక్క చెప్పలేదు మీరు.

బాబూ, నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల కంగారుపడి, ఫోను రిపేరు కాకపోయినా పరవాలేదు ఆంటీ అని నన్నే ఓదార్చింది. ఆంటీ కాదమ్మా జోగమ్మ అన్నాను. మీ మెట్లు చూపించి పైకి పంపాను. మీ దగ్గరికొచ్చే వాళ్ళంతా ముందు నా గుమ్మంలోనే ఆగుతున్నారు. కవర్లూ అద్దాలూ చార్జర్లూ బాగా అమ్ముడవుతున్నాయి. సునీల్ నిన్న మీ పచ్చ బోర్డు విప్పించి పెయింటరుని పిలిపించుకున్నాడు.

అంతా బాగుంది గాని, కార్డు మీద నా పేరు అంత సన్నంగా వేయించారేమిటి? ఆ అమ్మాయి కళ్ళజోడు పెట్టుకుని చదివింది. వచ్చే విడతలో కాస్త లావుగా వేయించండి.

ఇట్లు,
మీ పిన్ని,
జోగమ్మ

తా.క. వెల్టన్ వాళ్ళ మేనేజరు మధ్యాహ్నం మిఠాయి డబ్బాతో వచ్చాడు. వాళ్ళూ ఈ సందులోనే సర్వీసు సెంటర్ తెరుస్తారట, కార్డు మీద నా పేరు వేసుకోవడానికి అనుమతి కావాలట. అక్షరాలు ఎంత లావో ముందు చూపించమన్నాను.