సువార్తమ్మ ఇచ్చిన కిడ్నీ

గురువారం, రాత్రి

ఇవాళ రాజమండ్రి చెకప్‌కి వెళ్తే డయాలసిస్ గది బయట సువార్తమ్మ కనిపించింది. మూడేళ్ల కిందట నాకూ, ఆవిడ భర్త ఏసుపాదానికీ ఒకే వారంలో కిడ్నీ మార్చారు. నాకు మా అక్క ఇచ్చింది. అతనికి సువార్తమ్మే ఇచ్చింది. నాది బాగానే పనిచేస్తోంది. అతను మళ్లీ మిషను మీదకే వచ్చాడు.

పోయిన వానాకాలం ఇద్దరికీ కాళ్లు వాచాయి. నన్ను "కూర్చోండి టీచర్ గారూ" అని పరీక్షలు చేసి ఆ పూటే చేర్చుకున్నారు. కూలిపని చేసే ఏసుపాదాన్ని అదే డాక్టరు, "రోజంతా పొలం నీళ్లలో నిలబడితే వాయవా? ఉప్పు తగ్గించు, వెళ్లు" అని పంపేశాడు. నెల తర్వాత చేర్చుకునేసరికి ఆలస్యమైపోయింది.

"నేనిచ్చిందే మంచిది కాదేమోనండి," అంది సువార్తమ్మ. "మీ అక్కగారిది గట్టి కిడ్నీ అండి."

ఎందుకు పోయిందో నాకు తెలుసు. కానీ రేపు కూడా అతన్ని ఆ డాక్టరే చూడాలి కదా అని నోరు రాలేదు.

"అలా అనుకోకు సువార్తమ్మా," అని బస్సెక్కేశాను.

ఆవిడ వయసులో నాకంటే పెద్దది. నన్ను అండి అంటుంటే, ఆవిడని నేనూ నువ్వనే అన్నానని ఇప్పుడు రాస్తుంటే గానీ తెలియలేదు...