గౌరి పోలిక

కళింగపట్నం, 2016 కార్తీకం, శుక్రవారం

ఉదయం నేను పెరట్లో చేపలు ఎండబెడుతుంటే చెల్లెలు శారద అమ్మకు గంజి తెచ్చింది. ముడతలు పోతాయని అది కొన్నాళ్లుగా చేప చర్మంతో చేసిన కొలాజెన్ పొడి తాగుతోంది. ముఖం నున్నబడింది. వారంగా ముద్ద ముట్టని అమ్మ దాని గడ్డం పట్టుకుంది.

"ఒసే గౌరీ, సంద్రంలోంచి ఇన్నాళ్లకొచ్చినావేటే?"

గౌరి మా నడిపి చెల్లెలు. పడుచుతనంలోనే అల లాక్కుపోయింది. శవం దొరకలేదు.

"వొచ్చీసినానమ్మా, తాగు" అంది శారద. ఆ గొంతు అచ్చం గౌరిది. అమ్మ గంజంతా తాగింది.

సాయంత్రం తమ్ముడు, "అమ్మ తింటన్నాది కదా పెద్దక్కా, ఆ పొడి మాన్పించకు" అన్నాడు. ఇకనుంచి ఇంట్లో శారదను గౌరి అనే పిలవాలని అందరూ నిర్ణయించారు. శారద సంతోషంగా తలూపింది.

ఏటా కార్తీకంలో పోయిన గౌరి పేరు చెప్పి పెట్టే దీపం దగ్గర, ఈసారి నేను శారద పేరు చెప్పుకున్నాను.