గడప తీయించిన సంగతి

సుబ్బులూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున విజయవాడ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. నీలాంటి వణుకు జబ్బు వాళ్ళు ఇళ్ళల్లో ఎందుకు పడిపోతున్నారో రీసెర్చి చేస్తోందట. నువ్వు పడ్డ చోటు చూపించమంటే వంటింటి గుమ్మం చూపించాను.

"ఇక్కడ గడప లేదేంటండీ?"

"తట్టుకుని పడుతుందేమోనని నేనే తీయించి టైల్స్ వేయించానమ్మా."

"గడప ఉన్నప్పుడు ఎలా నడిచేవారు?"

ఆవిణ్ణి కాస్త నవ్విద్దామనుకున్నాను. హాల్లో అంగుళం కదలని మనిషివి, పసుపు రాసిన గడప కనిపిస్తే చాలు, కాలు తగిలితే లక్ష్మీదేవికి కోపమని కూచిపూడి పిల్లలా అడుగెత్తి దాటేసేదానివని చెప్పాను. "నీ భక్తంతా కాళ్ళల్లోనే ఉందే" అని ఏడిపించేవాణ్ణని కూడా చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. "ఈ జబ్బులో నున్నటి నేల మీదే కాళ్ళు అతుక్కుపోతాయండీ. ఎదురుగా అడ్డగీతేదైనా కనిపిస్తే అడుగు పడుతుంది" అంది మెల్లగా.

గడప తీసిన రోజు నువ్వన్నావు, "ఎక్కడ దాటాలో తెలియట్లేదండీ" అని. "దాటడానికేం లేదు, నడువు" అన్నాను. మూడో నాడు అక్కడే కాళ్ళు కదలక నిలబడి, నిలబడి, పడిపోయావు. మళ్ళీ మంచం దిగలేదు.

ఆవిడ ఫారంలో 'పడడానికి కారణం' అని ఒక గడి ఉంది. నా పేరు రాయమన్నాను.

"అందులో మనుషుల పేర్లు రాయకూడదండీ" అంది. నున్నటి నేల అని రాసుకుని వెళ్ళిపోయింది.

నేనే,
మీ ఆయన్ని.