ట్రాక్టరు మా దగ్గర, హ్యాండిలు మీ దగ్గర

ఐనార్ మావయ్యా,

ఇంజను తిప్పే హ్యాండిలు పోస్టులో పంపిస్తానని రాశారు. పంపొద్దు.

తాతయ్య తోట ట్రాక్టరు బాగు చేశాను. ట్యాంకులో గులకరాళ్లు పోసి ఊపి ఊపి తుప్పు వదిలించాను, బెల్టులు మార్చాను. రంగు మాత్రం వేయలేదు. అది ఊరేగించడానికి కాదు, దున్నడానికి. పోతూ పోతూ తాతయ్య ట్రాక్టరు అమ్మకీ, హ్యాండిలు మీకూ ఇచ్చాడు కదా, ఏటా వసంతంలో అన్నాచెల్లెళ్లు కలిసి బంగాళదుంపలు నాటాలని. తోట అమ్మేద్దామని మీరన్న మాట మీద అమ్మా మీరూ పోట్లాడుకున్నాక మీరు రావడం మానేశారు. ట్రాక్టరు షెడ్డులో తుప్పుపట్టింది.

యంత్రం దానితో పనిచేసేవాడిదేనని నేను చదివిన కార్మికుల కరపత్రాలన్నీ అంటాయి. నేనూ అదే అంటాను. "కరపత్రాలతో ఇంజను తిరగదురా" అని మీరు ఫోనులో వెక్కిరించినప్పుడు ఒళ్లు మండి, కొత్త హ్యాండిలు చేయించడానికి కమ్మరి ఎస్బెన్ దగ్గరికి బయల్దేరాను.

అమ్మ అడ్డుపడింది. "అది చేయించావంటే మా అన్నయ్యకి ఈ గడప తొక్కే పనేముంటుందిరా?" అంది. నేను వెనక్కి తిరిగాను. ఆ మాట ఏ కరపత్రంలోనూ లేదు.

కాబట్టి ఆదివారం ఓర్హుస్ నుంచి మొదటి రైలుకి హ్యాండిలు మీరే పట్టుకురండి. అమ్మ హెర్రింగ్ చేపలు ఊరబెట్టింది. తోట విషయంలో తప్పు మీదేనని ఇప్పటికీ అంటాను, మీ ఎదురుగానే అంటాను. కానీ ముందు ట్రాక్టరు స్టార్టు చేద్దాం.

మీ మేనల్లుడు