ఎడమచేతి ముడి

జనవరి 8

ఈ రోజు భోజనం దగ్గర మనవరాలు ‘మేడం’ అన్న మాట పద్దెనిమిది సార్లు అంది. పళ్లెం పక్కన వేలితో గీతలు గీస్తూ లెక్కపెట్టాను. ‘అమ్మమ్మా’ అన్నది రెండు సార్లు. అందులో ఒకటి మంచినీళ్ల కోసం.

పప్పుధాన్యాల పరిశోధన కేంద్రంలో దానికి ఉద్యోగం వచ్చి మూడు నెలలైంది. మా ఇంటికి రెండు స్టాపుల దూరమే కాబట్టి నా దగ్గర ఉంటోంది. అదే కేంద్రంలో శనగ విభాగంలో నేను ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. దాని మేడం నా కింద పనిచేసిన మనిషి. ఫోర్సెప్స్ ఏ వైపు పట్టుకోవాలో తెలియని రోజుల్లో వచ్చింది. ఈ పుస్తకంలో ఆమెను నా జూనియర్ అనే రాస్తాను. ఇక్కడైనా వరస తప్పకూడదు.

జనవరి 10

మేడం మొగ్గ విప్పేటప్పుడు ఊపిరి బిగబడతారట. ఆ కాన్సంట్రేషన్ చూసి తీరాలి అమ్మమ్మా, అంటోంది.

శనగ పువ్వులో పది కేసరాలుంటాయి. తొమ్మిది ఒక జట్టుగా అతుక్కుని ఉంటాయి, ఒకటి విడిగా ఉంటుంది. మొగ్గ లేతగా ఉండగానే, పుప్పొడి రాలకముందే, పదింటినీ తీసేయాలి. ఆలస్యమైతే పువ్వు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. ఆ తర్వాత బయటి పుప్పొడి ఎంత పూసినా బూడిదలో పోసిన పన్నీరే. తొమ్మిదీ ఒక్క లాగుడుకు వస్తాయి. ఆ ఒంటరిదాన్నే అందరూ మరిచిపోతారు. అందుకని ఊపిరి బిగబట్టి, పది అని పైకి అన్నాకే వదలాలి.

ఇదంతా దానికి తొమ్మిదో ఏట, వంటింటి బల్ల మీద, బఠాణీ పువ్వు పెట్టి నేర్పాను. అది గుర్తులేదట. మేడం చూపించాకే అర్థమైందట.

జనవరి 11

పొరుగింటి పుల్లకూర రుచి.

జనవరి 12, ఉదయం

‘చేతికి సులువైన మొగ్గ పనికిరాని మొగ్గ.’ ఇది మేడం గారి సూక్తి అట. నా మనవరాలు దాన్ని ఫోనులో రాసుకుంది. నాకు చదివి వినిపించింది కూడా.

ఆ మాట నేను నా జూనియర్‌తో అన్నది ఆమె చేరిన మొదటి సోమవారం. బాగుంది అన్నాను. బస్సు టైమైంది, చెప్పులు సరిగ్గా విడవడం కూడా నేర్చుకో అన్నాను.

జనవరి 17

టెక్నీషియన్ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. సరిగ్గా పూత వారంలో. మీ అమ్మమ్మగారు వస్తారేమో కనుక్కో, ఆవిడ చెయ్యి పడితే సగం పని అయినట్టే అని మేడం అన్నారట.

ఆలోచించి చెబుతానన్నాను. అది స్నానానికి వెళ్లగానే పాత ఫోర్సెప్స్ వెతికి స్పిరిటుతో తుడిచాను. కొన ఇంకా సూదిలాగే ఉంది.

జనవరి 19, సాయంత్రం 6.20

గాజుగది మారలేదు. అదే తడి మట్టి వాసన, అదే మూడో ఫ్యాను కిర్రుమనడం. ఎనభై కుండీలు. గోడకు కాగితం, ఎవరు రోజుకు ఎన్ని పువ్వులు చేశారో రాయడానికి. అది నేను పెట్టిన పద్ధతి.

నా జూనియర్ ఎదురొచ్చి, రండి మేడం అంది. మనవరాలు ఏ మేడమో తెలియక అటూ ఇటూ చూసింది. ఆ ఒక్క క్షణానికి బస్సు టికెట్టు ఖరీదు గిట్టింది.

ఈ ఏడు తల్లి మొక్క తెల్లపువ్వుది. గింజ లావు, కానీ ఎండు తెగులు వస్తే చేనుకు చేనే పోతుంది. తండ్రి గులాబీపువ్వుది. గింజ సన్నం, కానీ తెగులుకు లొంగదు. సంకరం కుదిరితే పిల్లమొక్క గులాబీ పూస్తుంది. తెలుపు పూసిందా, తల్లి తనంతట తానే కన్నదన్నమాట. అంటే చేసిన చెయ్యి తప్పు. శనగ మొక్క అబద్ధం చెప్పదు. మూడు నెలలు ఆగి నిజం చెబుతుంది.

ఏ పువ్వు ఎవరు చేశారో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం. మనవరాలిది నీలం. ఎరుపు ఇప్పుడు నా జూనియర్‌ది. ముప్పై ఒక్క ఏళ్లు ఎరుపు నాది. నాకు పసుపు రీలు అందించింది మనవరాలు. పసుపు ఎవరిది అంటే, గెస్టులది అమ్మమ్మా అంది.

నా జూనియర్ తన రీలు చాచి, ఎర్రది మీరే తీసుకోండి మేడం అంది. మనవరాలు చూస్తుండగా ఆమె ఇస్తే నేను పుచ్చుకోవడమా? గెస్టుకు పసుపే బాగుంటుందన్నాను.

17 పువ్వులు. అన్నీ లేత మొగ్గలే. కిటికీ వైపు బల్ల నాది, కుండీలు 41 నుంచి 60.

జనవరి 20

14 పువ్వులు. రెండు రోజులకు 31. నా జూనియర్ ఇవాళ ఒక్కరోజే 26. మనవరాలు ఆమె భుజం మీదుగా వంగి చూస్తూ నిలబడింది, పదకొండు నిమిషాలు. నా బల్ల దగ్గరికి వచ్చింది ఫోన్ చార్జరు కోసం.

నా ముడి ఎడమకు వాలుతుంది, నాది ఎడమచేతివాటం కనుక. పూర్వం స్టాఫంతా దాన్ని చూసి నవ్వేవాళ్లు. ఇప్పుడు నవ్వడానికైనా చూసేవాళ్లు లేరు.

జనవరి 21

మధ్యాహ్నం ఇద్దరూ సెమినార్‌కు వెళ్లారు. డ్రాయర్ తెరిస్తే రెండో ఎర్ర రీలు ఉంది. తీసుకున్నాను. దొంగతనం కాదు. నాది నేను తీసుకున్నాను.

ఎరుపు కట్టగానే వేళ్లకు ప్రాణం వచ్చింది. 24 పువ్వులు. లేత మొగ్గలు కంటికి సరిగ్గా ఆనలేదు, కొంచెం పెద్దవి తీసుకున్నాను.

జనవరి 22

23. ఎరుపు.

జనవరి 23

25. ఎరుపు. మొగ్గలు నిన్నటి సైజే.

జనవరి 25

నిన్న 22, ఇవాళ 24. ఎరుపు మొత్తం 118, పసుపు 31. గోడ కాగితం మీద నా గడిలో 149. అంకెలు నిజమే. దారం రంగుకు అక్కడ గడి లేదు. ఎర్ర రీలు తిరిగి డ్రాయర్లో పెట్టేశాను.

నా జూనియర్ మొత్తం 112. కాగితం ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాను.

మార్చి 6

కాయలు కోశారు. దారం రంగును బట్టి, కుండీ నంబరును బట్టి పొట్లాలు కట్టారు. దారాలు కూడా పొట్లంలోనే వేస్తారు. మనవరాలు లెక్క పట్టుకొచ్చింది. పసుపు 5 గింజలు. నీలం 27. ఎరుపు 61.

అందులో కిటికీ వైపు ఎర్రవి 38. సాయంత్రాలు మేడం అటు కూడా చేసినట్టున్నారు, అసలు ఆవిడ మనిషి కాదు మెషీను, అంది. నా వైపు తిరిగి, నూట నలభై తొమ్మిదికి అయిదేనా, పోనీలే అమ్మమ్మా, వయసు మాట, నువ్వు రావడమే గొప్ప అని భుజం తట్టింది.

ఆ 38 నావి. 118కి 38. సర్వీసు మొత్తం మీద నాకు ఇంత కాయకట్టు ఎప్పుడూ రాలేదు. చెప్పాలంటే రీలు సంగతి కూడా చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా అన్నం కలుపుకున్నాను.

61 అని వినగానే మేడం ఏమన్నారని అడిగాను. ఎర్రదారం చేతికి ఏమీ తక్కువ లేదు అని నవ్వారట. ఎంత పొగరు.

మార్చి 14

గింజలు విత్తారు. నాకేం?

ఏప్రిల్ 30, ఉదయం 7.10

మొదటి పువ్వు విచ్చిందట. పసుపు వరసలో. గులాబీ.

మే 5

పసుపు అయిదుకు అయిదూ గులాబీ. నీలంలో రెండు తెలుపు, కొత్త చేతికి అది మామూలే. ఎర్ర వరసలో 61కి 33 తెలుపు.

మనవరాలు అన్నం కెలుకుతూ కూర్చుంది. మేడం చెయ్యి అలా ఎలా తప్పుతుంది, ఒక సీజనంతా పోయినట్టే అమ్మమ్మా అంది. ఉన్నట్టుండి తలెత్తి, నీవి మాత్రం అయిదుకు అయిదు, నూటికి నూరు అంది. మళ్లీ అంది. ‘మేడం’ ఆరు సార్లు. ‘అమ్మమ్మ’ తొమ్మిది.

ఎంత కాదనుకున్నా నవ్వు ఆగలేదు. ఎంగిలి పళ్లేలు తీసే వంకతో లేచి వెళ్లాను. ముప్పై మూడు. నా జూనియర్ చెయ్యి ముప్పై మూడు తప్పింది. ఈ రోజు సంతోషంగా ఉన్నానని రాస్తున్నాను. రాయకపోతే అబద్ధం అవుతుంది.

మే 8, సాయంత్రం 4.00

తెల్లపువ్వుల లిస్టు మనవరాలు బల్ల మీద వదిలి వెళ్లింది. ఏ గింజ ఏ కుండీదో పక్కనే ఉంది. 41, 41, 43, 44, 46, 46, 46. ఇలా 60 దాకా. 40కి లోపు ఒక్క నంబరూ లేదు.

ముప్పై మూడూ కిటికీ వైపువి. ముప్పై మూడూ నావి.

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. జనవరి 21. ‘కొంచెం పెద్దవి తీసుకున్నాను.’ నా దస్తూరీనే. అంత కట్టు ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. నేను విప్పేసరికే మొగ్గల్లో పుప్పొడి రాలిపోయింది. అవి కట్టినవి వాటి సొంత కాయలు.

మే 9

చేతికి సులువైన మొగ్గ.

మే 11

డైరెక్టరు మీటింగ్ పెట్టాడు. నా జూనియర్‌ను సంకరాల పని నుంచి తప్పించారు. వచ్చే సీజన్ బాధ్యత నా మనవరాలికి ఇచ్చారు. నా జూనియర్ ఎదురుచెప్పలేదట. కళ్లు చూపించుకుంటాను సార్ అందట, అంతే.

వీధిలో అందరికీ చెప్పుకోవలసిన ప్రమోషన్. పిల్ల మాత్రం బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది, నాకు వినబడదనుకుని. బయటికి వచ్చి, నీ చెయ్యి ఇంకా నీ దగ్గరే ఉంది, మేడం చెయ్యే పోయింది అంది. నా ఎడమచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడు నెలలుగా నాకు కావలసింది ఇదే. చెయ్యి వెనక్కి లాక్కున్నాను, పాలు పొంగుతాయని. స్టవ్ మీద పాలు లేవు.

మే 13, మధ్యాహ్నం

కేంద్రానికి వెళ్లాను. మనవరాలు పొలంలో ఉన్న వేళ చూసుకుని.

నా జూనియర్ తన గదిలో పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. కూర్చోకుండానే చెప్పేశాను. తెల్లవి నావి, ఎర్ర రీలు డ్రాయర్లోంచి తీసింది నేనే, మొగ్గలు ముదిరినవి, ఇవిగో తేదీలు అని.

ఆమె డ్రాయర్ లాగి ఒక కవరు ఇచ్చింది. లోపల ఎర్రదారాలు. ప్రతి ముడీ ఎడమకు వాలి ఉంది. లెక్కపెట్టాను. 38.

మార్చిలో పొట్లాలు విప్పినప్పుడే చూసిందట. మీ ముడి నాకు తెలియదా మేడం, దాన్ని చూస్తూనే కదా పని నేర్చుకున్నాను అంది. ఎర్రదారం చేతికి ఏమీ తక్కువ లేదు అన్నది నా చేతిని గురించట.

మరి మీటింగులో నోరు ఎందుకు విప్పలేదని గద్దించాను. అలవాటు పోలేదు. నాకింక సర్వీసు ఎనిమిది నెలలే, కళ్లు తగ్గాయంటే ఎవరూ వింతగా అనుకోరు అంది. మీ పిల్ల మధ్యాహ్నం క్యారేజీ విప్పిందంటే చాలు, మా అమ్మమ్మ అలా మా అమ్మమ్మ ఇలా అని మమ్మల్ని ఊదరగొట్టేస్తుంది, ఆ పేరు నా నోటితో చెడగొట్టడం ఎందుకనుకున్నాను అంది.

రోజుకు ఎన్నిసార్లు అంటుందని అడిగాను.

లెక్కపెట్టలేదు మేడం, మీరైతే పెట్టేవారు అంది. నవ్వకుండానే అంది.

బస్సులో కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గు వేసింది. దాని కంటే ఎక్కువ మండింది. నా దారం తీసుకుంది, నా మాట తీసుకుంది, నా పిల్లను తీసుకుంది. చివరికి దయలో కూడా నన్ను దాటిపోతుందా? అదొక్కటి మాత్రం జరగనివ్వను.

మే 13, సాయంత్రం 7.45

మనవరాలికి చెప్పాను. కవరు ఇచ్చాను. ఈ పుస్తకంలో జనవరి పేజీలు తీసి ముందు పెట్టాను.

ఒకే ప్రశ్న అడిగింది. మేడం అందరి ముందు ఇస్తానన్నప్పుడు తీసుకోని దారాన్ని, ఎవరూ లేనప్పుడు ఎందుకు తీసుకున్నావు అని.

ఎమ్మెస్సీ బోటనీ, ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. కవర్లోని దారాలు మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మే 14

డైరెక్టరుకు ఉత్తరం రాసి స్వయంగా ఇచ్చాను. కుండీల నంబర్లు, తేదీలు, అంకెలు. తెలుపు 33, చేసినది నేను. మొగ్గ ముదురు. దారం తప్పు. సంతకం ఎడమచేత్తో.

భోజనం దగ్గర ‘మేడం’ సున్నా. ‘అమ్మమ్మ’ సున్నా.

మే 15

సున్నా. సున్నా.

మే 17

నా జూనియర్‌కు పని తిరిగి ఇచ్చారట. గేటు దగ్గరి వాచ్‌మన్ చెప్పాడు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఫోర్సెప్స్ తుడిచి, మనవరాలి బ్యాగు పక్క జేబులో పెట్టాను. సాయంత్రం చూస్తే బ్యాగులో లేవు. నా అలమరలోకీ తిరిగి రాలేదు.

మే 20

మేడం, తొమ్మిది.

అమ్మమ్మ, ఒకటి. ఉప్పు అందుకోమని.