పన్నెండో మెట్టు

మార్చి 3, సోమవారం

పాత్ర నాకే వచ్చింది. తాళాలావిడ. ఈ నాటకాల గ్రూపులో పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాను. ఇన్నాళ్ళూ పక్కింటి పిన్నిని, పెళ్ళికొడుకు తల్లిని, ఒకసారి తెర వెనక ఏడ్చే గొంతుని. ఈసారి పద్నాలుగు పాటల్లో ఆరు నావి.

కథ ఇది. పాత మేడ. యజమాని పోయినా నేలమాళిగలో అతని పియానో రోజూ మోగుతుంది. మేడ కొనడానికి ఒక అమ్మాయి వస్తుంది. తాళాలావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చీకట్లో మెట్లు దింపి కిందికి తీసుకెళుతుంది. దీపం పట్టుకోదు. దీపమెందుకు, నా కళ్ళు లేవా అని పాడుతూ దింపుతుంది.

ఆ లైను చదివి రిహార్సల్ రూములో నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 10న కళ్ళ డాక్టర్ చెప్పిన సంగతి ఇక్కడ రాయలేదు. ఇప్పుడు రాస్తాను. రేచీకటి. వంశంలో వచ్చే రకం. ముందు చీకట్లో చూపు పోతుంది. తర్వాత పగటి చూపు కూడా అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. మందు లేదు. ఎన్నేళ్ళు అని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కోలా అన్నాడు. మళ్ళీ పరీక్షకి ఏప్రిల్ 4 ఇచ్చాడు.

ఎవరికీ చెప్పలేదు.

మార్చి 5, బుధవారం

సెట్టు అన్నయ్యే కడుతున్నాడు. వాడికి వడ్రంగి షాపు ఉంది. వాణ్ణి గ్రూపులో అందరూ టేపు అంటారు, జేబులో కొలత టేపు లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి. మెట్లు ఈరోజు నిలబెట్టాడు. పదకొండు. ఒక్కొక్కటి ఏడంగుళాల ఎత్తు. వెనకనుంచి ఏటవాలు చెక్క మీదుగా పైకి ఎక్కాలి, ముందువైపు మెట్ల మీదుగా దిగాలి.

నేను ఆరుసార్లు దిగాను. ఏమే, పాట ప్రాక్టీసు చేస్తున్నావా, మెట్లు అరగదీస్తున్నావా అన్నాడు అన్నయ్య. పాటే అన్నాను. లెక్కపెడుతున్నాను.

రిహార్సల్ స్టేజీ పక్కన, వింగులో, నల్లబోర్డు వేలాడదీశారు. ఇది మా గ్రూపు పాత పద్ధతి. సెట్టులో ఏ మార్పు చేసినా బోర్డు మీద రాస్తారు. ప్రతివాళ్ళూ చదివి, కింద ‘చదివాను’ అని రాసి సంతకం పెట్టాలి. ఎప్పుడో ఒకతను జరిపిన తలుపు పాతచోటే ఉందనుకుని పడ్డాడట. అప్పటినుంచి ఈ రూలు.

ఆ మూల బల్బు గుడ్డిగా ఉంటుంది. ఈరోజు బోర్డు మీద ఏముందో నాకు కనపడలేదు. ఎవరో పైకి చదివారు. విని సంతకం పెట్టాను.

మార్చి 12, బుధవారం

మేష్టారు మా దర్శకుడు, స్కూల్లో లెక్కలు చెబుతారు. ఆయన నోట ఈమధ్య ఒకటే మాట. ఇంకా తగ్గించు. లైట్ల పని చూసే ఎలక్ట్రీషియన్‌ని అందరం ఫ్యూజు అంటాం. ఇంకా తగ్గిస్తే జనం నిద్రపోతారు మేష్టారూ, గురక మీ పియానోని మింగేస్తుంది అన్నాడు ఫ్యూజు. ఇది గోతిక్ మ్యూజికల్ రా, దయ్యాల మేడ పాటల నాటకం, చీకటే ఇందులో హీరో అన్నారు మేష్టారు. అయితే ఆ హీరోకే చెప్పండి, స్విచ్చి దగ్గర నేనెందుకు అన్నాడు.

తగ్గించాడు. మిగతావాళ్ళు బాగుంది బాగుంది అన్నారు. వాళ్ళకి నీలంగా ఏదో కనిపిస్తోందట. నాకు నల్లగుడ్డ కట్టినట్టు ఉంది. నా చెయ్యి నాకు కనపడలేదు.

పదకొండు మెట్లు. నేల మీద నాలుగడుగులు. ఎడమకి ఆరు. పియానో.

మార్చి 13, గురువారం

పదకొండు. నాలుగు. ఎడమకి ఆరు.

మార్చి 19, బుధవారం

మేడ కొనే అమ్మాయిగా వేస్తున్నది నర్సు. ఇరవై నాలుగేళ్ళు. డ్యూటీ నుంచి నేరుగా వస్తుంది, బ్యాగులోనే యూనిఫాం. గొంతు బాగుంటుంది. చీకటంటే భయం, దాచుకోదు కూడా. రోగి పోయిన వార్డులో ఒక్కదాన్నే ఉంటాను కానీ ఈ మెట్ల మీద ఉండలేనక్కా అంది.

ఈరోజు దిగాక నా చెయ్యి వదల్లేదు. మీ చెయ్యి ఉంటే చాలు అక్కా, కళ్ళు మూసుకుని వచ్చేస్తాను అంది. మూసుకో, ఇంకా బాగా వస్తావు అన్నాను. అందరూ నవ్వారు.

ఆ పిల్ల చెయ్యి ఎవరి చేతిలో ఉందో ఆ పిల్లకి తెలియదు. ఇది రాసి పెన్ను కింద పెట్టాను. మళ్ళీ తీశాను. ఇప్పటికి ముప్ఫైసార్లు దింపాను. ఒక్కసారీ తప్పలేదు.

మార్చి 24, సోమవారం

హాలు దొరక్క షో ఒక వారం వెనక్కి జరిగింది. ఏప్రిల్ 4, 5, 6. డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సింది కూడా నాలుగునే. మార్చమని ఆస్పత్రికి ఫోన్ చేశాను. మళ్ళీ జులైలోనేనట.

సాయంత్రం చెప్పేద్దామని అన్నయ్య షాపుకి వెళ్ళాను. చెక్కపొట్టు మధ్య కూర్చుని మెట్ల పక్క రెయిలింగుకి గరుకు కాగితం పడుతున్నాడు. మూడోసారట. నీ అరచేతికి పేడు గుచ్చుకుంటే పాట మధ్యలో అబ్బా అంటావు, పరువు పోతుంది అన్నాడు.

చెబితే నన్ను మెట్లు ఎక్కనివ్వడు. అక్కడితో అయిపోతుంది.

నాన్న చివరి పదేళ్ళు సాయంత్రం ఆరు దాటితే కుర్చీలోంచి లేవలేదు. మేం బద్ధకం అనుకున్నాం. దీపాలు పెట్టే వేళకి కోడి గూట్లోకి వెళ్ళిపోయింది అని నవ్వేవాళ్ళం. నేను కూడా నవ్వాను. 

ఆ కుర్చీ ఇప్పుడు నా ఇంట్లోనే ఉంది. నేను ఒక్కదాన్నే ఉంటాను కాబట్టి అందులో బట్టలు పడేస్తాను. ఎప్పుడూ కూర్చోను.

ఏప్రిల్ 3, గురువారం

హాల్లో డ్రెస్ రిహార్సల్. చీకట్లో పుట్టిపెరిగినట్టు నడిచావమ్మా అన్నారు మేష్టారు. అందరూ చప్పట్లు కొట్టారు.

రేపు మధ్యాహ్నం జడ్జిగారు డిక్టేషన్ పెట్టారు, అయిదున్నరకి వస్తానని చెప్పాను. కోర్టు స్టెనోని కాబట్టి ఎవరూ అనుమానించలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం. మధ్యాహ్నం 2.20

ఆస్పత్రి బెంచీ. కళ్ళలో చుక్కలు వేశారు. అక్షరాలు పేజీ మీద పాకుతున్నాయి. నాలుగైదు గంటలు ఇలాగే ఉంటుందట. చీకట్లో ఎలాగూ చూడని కళ్ళకి చుక్కలు వేస్తే ఏం.

ఏప్రిల్ 5, శనివారం. తెల్లవారుజాము 5.30

వరసగా రాస్తాను.

నిన్న మధ్యాహ్నం పన్నెండుకి మేష్టారు హాల్లో వెనక వరసల్లో కూర్చుని చూశారు. పైన నిలబడ్డ మనిషి సరిగా కనపడటం లేదన్నారు. ఎత్తు పెంచమన్నారు. అన్నయ్య కింద ఒక మెట్టు చేర్చాడు. మూడింటికి అందరినీ మెట్ల మీద నడిపించాడు. నేను లేను. నాలుగింటికి బోర్డు మీద రాశాడు.

అయిదూ నలభైకి నేను వచ్చాను. వింగులో బోర్డు ఒక నల్లటి మచ్చ. దాని మీద తెల్లగా రెండు గీతలు. అన్నయ్య మెట్ల కింద మేకులు కొడుతున్నాడు. బోర్డు చదివావా అని అరిచాడు. ఆ చదివాను అన్నాను. సుద్దముక్క తడిమి తీసుకుని అదే రాశాను. సంతకం పెట్టాను.

ఏడూ ఇరవైకి మెట్ల సీను. నర్సు చెయ్యి పట్టుకుని పాడుతూ దిగాను. తొమ్మిది, పది, పదకొండు. తర్వాత నేల మీద మొదటి అడుగు వేశాను. నేల లేదు.

నేను మోకాళ్ళ మీద పడ్డాను. చెయ్యి వదల్లేదు. వదిలి ఉంటే ఆ పిల్ల పైనే ఆగిపోయేది. లాక్కుపోయాను. నా మీదుగా వెళ్ళి కుడిచేతి మీద పడింది. చప్పుడు నాకు వినిపించింది. జనం నాటకంలో భాగం అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల నేల మీద పడుకునే రెండు లైన్లు పాడింది. తర్వాత గొంతు ఆగిపోయింది. తెర వేశారు.

మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయి.

మేకప్ రూములో మేష్టారు అడిగారు. బోర్డు మీద నీ సంతకం ఉంది కదమ్మా, పన్నెండని చదివి కూడా ఎలా తప్పావు అన్నారు. సామాన్ల పెట్టె ఎడమ వింగులోకి జరిపాం అనేది మొదటి లైనట, మెట్లు పన్నెండు అనేది రెండో లైనట. ఆ రెండు లైన్లూ అప్పుడే, ఆయన నోట విన్నాను.

నేను సంతకం పెట్టినప్పుడు రెండో లైను లేదు అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదే నన్ను భయపెడుతోంది.

మిగతావాళ్ళు మూడింటికే మెట్లు నడిచి చూశారు కాబట్టి బోర్డు మీద ఏ లైను ఎప్పుడు ఉందో ఎవరికీ గుర్తు లేదు. అంతా అన్నయ్య వైపు చూశారు. ఆఖరి నిమిషంలో గీకడం నీకు అలవాటే కదా టేపూ అన్నాడు ఫ్యూజు. అన్నయ్య నా వైపు చూశాడు. బోర్డు చదివావా అని నిన్ను అడిగాను కదే అంటాడని ఎదురుచూశాను. అనలేదు. టేపు తీసుకుని స్టేజీ మీదికి వెళ్ళాడు. పన్నెండు మెట్లూ కొలిచాడు. అన్నీ ఏడంగుళాలే. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 5. సాయంత్రం

రెండు షోలు రద్దు. వచ్చే శుక్రవారం వేరే అమ్మాయితో వేస్తారట. తాళాలావిడ నేనే. సెట్టు పనికి ఇక రావద్దని అన్నయ్యకి మేష్టారు చెప్పారట. వాడు సరే అన్నాడట.

ఏప్రిల్ 7, సోమవారం

కోర్టు. రోడ్డు ప్రమాదం కేసు. సాక్షి చెబుతుంటే టైపు చేశాను. నేను చూడలేదండీ, కానీ చూశాననే చెప్పాను, భయమేసి అలా చెప్పాను అన్నాడు. జడ్జిగారు మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ అదే చెప్పాడు. చివర్లో ఎప్పుడూ టైపు చేసే లైనే టైపు చేశాను. ‘చదివి వినిపించగా విని సరి అని ఒప్పుకున్నాను.’ ఆ లైను జీవితంలో ఎన్ని వేలసార్లు కొట్టానో. ఈరోజు మూడు తప్పులు పడ్డాయి.

ఏప్రిల్ 8, మంగళవారం

నర్సుని చూడటానికి వెళ్ళాను. మోచేతి దాకా కట్టు. సూది గుచ్చే చెయ్యి అది. ఉద్యోగం కాంట్రాక్టుది, ఆరు వారాలు ఆగుతారో లేదో తెలియదట. జడ వేసుకోవడం రావట్లేదక్కా అంది. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి వేశాను.

మీ అన్నయ్యగారు మీకు నోటితో ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేదక్కా అంది. కోపంగా అంది. ఆ పిల్ల ఎవరినైనా తిట్టడం అదే మొదటిసారి విన్నాను. మీ చెయ్యి లేకపోతే తలే పగిలేది అని కూడా అంది.

జడ రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాను.

ఏప్రిల్ 9, బుధవారం

చెప్పాలి. ఎలాగో తెలియట్లేదు. షో అయ్యాక చెబుదాం అనుకున్నాను. అలా అనుకున్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 10, గురువారం

కోర్టు నుంచి అయిదున్నరకి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో అన్నయ్య. పనిముట్ల సంచీ పక్కన పెట్టుకుని మా మూడు మెట్ల పక్కన చెక్క రెయిలింగు బిగిస్తున్నాడు. చేతికి నున్నగా తగిలింది. గరుకు కాగితం పట్టాడు.

ఎందుకురా ఇది అన్నాను.  గుమ్మం పైన బల్బు మార్చాడు. కొత్తది ఎంత తెల్లగా ఉందంటే వాకిట్లో చీమలు కూడా కనిపించాయి.

మంచినీళ్ళు తాగాడు. మెట్లలో తప్పు లేదు, నాలుగుసార్లు కొలిచాను అన్నాడు. నాన్న కుర్చీ వైపు చూశాడు. నాన్నకి ఇలాంటి రెయిలింగు ఒకటి కట్టాలని అప్పుడు తోచలేదే అన్నాడు.

రేపు షో బాగా చెయ్యి అని వెళ్ళిపోయాడు.

వాడికి తెలుసు. మెట్లు కొలిచాడు, బోర్డు చూశాడు, ఇక కొలవాల్సింది నన్నొక్కదాన్నే. కొలిచి ఊరుకున్నాడు. రేపు నేను స్టేజీ ఎక్కాలని నింద వాడే మోస్తున్నాడు.

రేపు నా చేతిలో చెయ్యి పెట్టబోయే కొత్త అమ్మాయికి పంతొమ్మిదేళ్ళట.

కుర్చీ మీద బట్టలు తీసేశాను. కూర్చున్నాను. వీధి లైటు వెలిగే దాకా.

ఏప్రిల్ 11, శుక్రవారం. సాయంత్రం 4.00

మేకప్ వేసుకోలేదు. వింగులో ఉన్న లైట్లన్నీ వెయ్యమని ఫ్యూజుని అడిగాను. ఎందుకక్కా, ఏం పోయింది అన్నాడు. వెయ్యి అన్నాను. వేశాడు. బోర్డు శుభ్రంగా తుడిచి పెద్ద అక్షరాలతో రాశాను.

మెట్లు పన్నెండు. ఈ లైను నాలుగో తేదీ నాలుగింటికే ఇక్కడ ఉంది. నాకు చీకట్లో కనిపించదు. చూడకుండా సంతకం పెట్టాను. తర్వాత అబద్ధం చెప్పాను.

అందరి సంతకాలకీ కింద చోటు వదిలాను. మొదట నేను.

చదివాను.