ఆఖరి బెంచీలో మీకో చోటు

12 ఫిబ్రవరి 2004

ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారమండి. మీ మెమో అందింది. పరీక్ష తప్పిన మహిమ అనే అమ్మాయి చేత ఎకనామిక్స్ క్లాసు ఎందుకు చెప్పించానని అడిగారు. చెప్పించింది నేనే. మళ్ళీ చెప్పిస్తాను.

తప్పినవాళ్ళందర్నీ వెనక గదిలో కూర్చోబెట్టి, వాళ్ళకి రానిదే రోజూ రుద్దమన్నారు. రుద్దాను. సగంమంది కాలేజీ మానేసి మిరప కోతలకి పోయారు.

ఒక ఆదివారం ప్రత్తిపాడు చర్చిలో మహిమ సండే స్కూలు పిల్లలకి కథ చెబుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాను. ఒక్క పిల్లా కదల్లేదు. నా క్లాసులో నోరెత్తని అమ్మాయి.

అందుకే సుద్దముక్క తన చేతికిచ్చాను. రైతు మిరపకాయని కోల్డ్ స్టోరేజిలో ఎందుకు పెడతాడో చెప్పింది. "అందరూ ఒకేసారి బయటికి తీస్తే కొనేవాడు మన మొహం కూడా చూడడు" అంది. డిమాండూ సప్లయీ అంటే అదేగదండీ. కోతలకి పోయినవాళ్ళు ఇప్పుడు తిరిగొస్తున్నారు.

ఇకమీదట ఇలా చేయనని సంతకం పెట్టమన్నారు. పెట్టను. నాది కాంట్రాక్టు ఉద్యోగమని, జూన్లో మీరు సంతకం పెడితేనే ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

వచ్చే గురువారం రెండో పీరియడు మళ్ళీ మహిమదే. ఆఖరి బెంచీలో మీకు చోటు ఉంచుతాం, రండి. అర్థం కాకపోతే చెయ్యెత్తండి. ఆ అమ్మాయి ఎవర్నీ వెనక గదికి పంపదు.

ఇట్లు,
మీ ఎకనామిక్స్ లెక్చరర్